తేటనీటిలో దాగిన పేర్లు
ద్రవ వర్ణలేఖనము, ద్రవ్యరాశి మాపనము – ఒక పరిచయము

నీటిని కంటితో చూచి నమ్ముట ఎంత ప్రమాదమో నల్లగొండ జిల్లా వారికి వేరుగా చెప్పనక్కరలేదు. తేటగా ఉండి, వాసన లేక, త్రాగుటకు హాయిగా ఉన్న బావినీరే ఈ జిల్లాలో తరతరముల వారి ఎముకలను వంచినది. ఆ నీటిలో ఉన్నది ఫ్లోరైడ్ అని తెలియనంత కాలము అది పేరు లేని బాధగా ఉండెను. కొందరు దానిని కర్మ అనిరి, కొందరు వంశదోషమనిరి. 1937లో షార్టు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని శాస్త్రీయముగా వర్ణించిరి. నల్లగొండ జిల్లాను గురించి ఎ. హెచ్. సిద్దీఖీ వ్రాసిన పరిశోధన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను శాస్త్రజ్ఞులు 1973లో ఇక్కడివారి మోకాళ్ళ వైకల్యమును గురించి లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. కారణము తెలిసిన తరువాతనే పటిక, సున్నము, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్‌ను తగ్గించు ఉపాయము వచ్చినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ ఉపాయము నేటికిని 'నల్లగొండ పద్ధతి' అను పేరుతో లోకమున ప్రసిద్ధము.

ఈ చరిత్రలో ఒక క్రమము కనిపించుచున్నది. మొదట బాధ, తరువాత దానికి కారణమైన పదార్థము పేరు, ఆ తరువాతనే నివారణ. మధ్యనున్న మెట్టు లేక మూడవ మెట్టు ఎక్కుట సాధ్యము కాదు.

అయితే ఫ్లోరైడ్ ఒక్కటే పదార్థము. దానిని ఒక రంగు పరీక్షతోనో, ఒక ఎలక్ట్రోడ్‌తోనో కొలువవచ్చును. నేడు మన నీటిలోను ఆహారములోను చేరుచున్నవి ఒకటి కాదు, పది కాదు. పురుగుమందులు, ఔషధములు, బూజు విషములు వేల సంఖ్యలో ఉన్నవి. వాటిలో ప్రతిదానికి వేరువేరుగా రంగు పరీక్ష కనిపెట్టుట అసాధ్యము. అట్టి మిశ్రమములో ఏది ఏదియో, ఎంత ఎంతయో చెప్పగలిగిన సాధనమే ద్రవ వర్ణలేఖనము, ద్రవ్యరాశి మాపనము అను రెండు విద్యల కలయిక. శాస్త్రజ్ఞులు దీనిని ఎల్.సి.–ఎం.ఎస్. అని పిలుచుచున్నారు. తెలుగు బోధించు మేము ఈ రసాయన విషయమును ఎత్తుకొనుటకు కారణము లేకపోలేదు. ఇది పదార్థమునకు పేరు నిర్ణయించు విద్య. పేరు లేనిదానిని గురించి ఎవరును ఫిర్యాదు చేయలేరు, ఏ చట్టమును దానిని ఆపలేదు.

వేరుచేయుట

1903లో వార్సా నగరమున మిఖాయిల్ త్స్వెత్ అను రష్యను వృక్షశాస్త్రజ్ఞుడు ఒక గాజు గొట్టములో సుద్దపొడిని దట్టించి, పైన ఆకుల నుండి తీసిన రసమును పోసి, దానివెంట పెట్రోలియం ఈథర్ అను ద్రవమును వదలెను. రసము క్రిందికి దిగుకొలది ఆకుపచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయెను. ఆకులో ఉన్నది ఒకే పచ్చదనము కాదని, పలు వర్ణకముల మిశ్రమమని ఆ పట్టీలు చూపెను. 1906లో ఆయన ఈ విధానమునకు 'క్రొమటోగ్రఫీ' అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దానికి రంగుల వ్రాత అని అర్థము. విశేషమేమనగా, రష్యను భాషలో త్స్వెత్ అను మాటకును రంగు అనియే అర్థము.

ఇందులోని సూత్రము కష్టమైనది కాదు. అంగడి జరుగు వీధి ఒక కొస నుండి వందమంది ఒకేసారి బయలుదేరిరని అనుకొందము. ఏమియు కొనవలసిన పని లేనివాడు నేరుగా నడచి ముందుగా రెండవ కొసకు చేరును. ప్రతి దుకాణము వద్దను నిలుచువాడు చివరకు చేరును. గొట్టములోని పొడి దుకాణముల వరుస, దాని గుండా పారు ద్రవము జనమును నడిపించు త్రోవ. పొడిని అంటిపెట్టుకొను స్వభావము ఎక్కువగా ఉన్న పదార్థము ఆలస్యముగాను, తక్కువగా ఉన్నది త్వరగాను బయటికి వచ్చును. ఒక పదార్థము గొట్టమును దాటుటకు పట్టు కాలము, అవే పరిస్థితులు ఉన్నంతవరకు మారదు. కనుక ఆ కాలమే దానికి మొదటి ఆనవాలు.

1941లో మార్టిన్, సింజ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఈ విద్యను రెండు ద్రవముల మధ్య పంపకముగా విస్తరించి, 1952లో నోబెల్ బహుమతిని పొందిరి. 1960వ దశకములో ఇది అధిక పీడనముతో నడచు యంత్రముగా మారినది. నేటి గొట్టము సాధారణముగా జానెడు కన్న చిన్నది, ఉక్కుతో చేసినది. అందులో మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల పరిమాణము గల సిలికా రేణువులుండును. ఆ రేణువులకు తరచుగా 18 కర్బన పరమాణువుల గొలుసులు అతికింపబడి ఉండును. వాటి నడుమ నుండి నీరు, మిథనాల్ వంటి ద్రవములను వందల రెట్ల వాతావరణ పీడనముతో నెట్టవలెను. త్స్వెత్ కాలమున గంటలు పట్టిన పని నేడు నిమిషములలో పూర్తియగుచున్నది.

తూచుట

వేరుచేసిన పదార్థమును గుర్తించుటెట్లు? ఆకు వర్ణకములకు రంగు కలదు. పురుగుమందునకు, మాత్రలోని మందునకు అట్టి రంగు ఉండదు. అందుచేత దానిని తూచవలెను. అణువును తూచు యంత్రమే ద్రవ్యరాశి మాపకము.

కళ్ళములో ధాన్యమును తూర్పారబట్టుట మన విద్యార్థులలో పలువురు చూచియుందురు. గాలి ఒకటే అయినను పొట్టు దూరముగాను, గింజ దగ్గరగాను పడును. ఈ యంత్రములోను ఇంచుమించు అదియే జరుగును. గాలికి బదులు విద్యుత్ క్షేత్రము లేక అయస్కాంత క్షేత్రము ఉండును. అణువునకు విద్యుదావేశము ఇచ్చి ఆ క్షేత్రములోనికి పంపినచో, దాని బరువునకును ఆవేశమునకును గల నిష్పత్తిని బట్టి దాని దారి నిర్ణయమగును. ఆస్టన్ 1919లో ఇట్టి యంత్రమును నిర్మించి, దానితో ఐసోటోపులను కనుగొని, 1922లో నోబెల్ బహుమతిని పొందెను.

ఈ రెండు యంత్రములను కలుపుటకు చాలకాలము పట్టినది. మొదటిదాని నుండి వచ్చునది ద్రవము, రెండవదానికి కావలసినది శూన్యము. పైగా వేడిచేసి ఆవిరిగా మార్చబోయిన పెద్ద అణువులు ముక్కలైపోవును. జాన్ ఫెన్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు 1980వ దశకములో ఈ చిక్కును విప్పెను. ద్రవమును కొన్ని వేల వోల్టుల విద్యుత్తు గల సన్నని సూది గుండా తుంపరగా చిమ్మినచో, ప్రతి బిందువును ఆవేశమును మోసికొని పోవును. బిందువు ఆరుకొలది ఆవేశము ఇరుకై, కడకు అణువు చెదరక, ఆవేశముతో గాలిలో మిగులును. దీనికి ఎలక్ట్రోస్ప్రే అని పేరు. 2002 రసాయన నోబెల్ బహుమతిని పొందిన మువ్వురిలో ఫెన్ ఒకడు.

ఇంకొక మెట్టు 1978లో యోస్ట్, ఎంకీ అనువారు చూపిరి. వారి యంత్రములో మూడు అంచెలున్నవి. మొదటి అంచె కోరిన బరువు గల అణువును మాత్రమే పోనిచ్చును. రెండవ అంచె దానిని వాయువుతో ఢీకొట్టించి పగులగొట్టును. మూడవ అంచె ఆ ముక్కలను తూచును. సిప్రోఫ్లాక్ససిన్ అను సూక్ష్మజీవనాశక ఔషధమును ఉదాహరణగా తీసికొందము. దాని అణుభారము ఇంచుమించు 331. ఒక ప్రోటాను చేరగా యంత్రములో 332గా కనిపించును. పగిలినపుడు ఒక నీటి అణువును, అనగా 18ని, కోల్పోయి 314గాను, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును, అనగా 44ను, కోల్పోయి 288గాను మారును. గొట్టమును దాటిన కాలము, మొత్తము బరువు, రెండు ముక్కల బరువులు, ఆ ముక్కల మధ్య నిష్పత్తి – ఇవన్నియు సరిపోయినపుడే అది సిప్రోఫ్లాక్ససిన్ అని చెప్పవలెను. హాజరు పట్టికలో ఒకే పేరు గల ఇద్దరు విద్యార్థులను తండ్రి పేరు, ఊరు చూచి గుర్తించుట వంటిదే ఈ పద్ధతి.

పటాన్‌చెరు చెప్పిన పాఠము

1960వ దశకములో హైదరాబాదున ఐ.డి.పి.ఎల్. వచ్చిన తరువాత ఈ ప్రాంతమున మందుల తయారీ విస్తరించినది. నగరమునకు వాయవ్యముననున్న పటాన్‌చెరు అందులో ముఖ్య కేంద్రమైనది. అక్కడి సుమారు 90 కర్మాగారముల మురుగునీరు ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రమునకు చేరుచుండెను. స్వీడన్ దేశమునకు చెందిన జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఆ కేంద్రము నుండి శుద్ధియై బయటికి వచ్చు నీటిని సేకరించి, 59 ఔషధముల కొరకు ఎల్.సి.–ఎం.ఎస్. పద్ధతిలో పరీక్షించిరి. 2007లో ఫలితములు వెలువడినవి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. 500 మిల్లీగ్రాముల మాత్ర మింగిన రోగి రక్తములో ఆ మందు గరిష్ఠముగా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు మాత్రమే ఉండును. అనగా కాలువ నీటిలో రోగి రక్తములో కన్న పది రెట్లు మందు కలదు. అంతవరకు ప్రపంచములో ఏ మురుగునీటిలోను ఔషధములు ఇంత మోతాదులో ఉన్నట్లు నమోదు కాలేదు. 2009లో ప్రచురింపబడిన మరొక పరిశోధనలో ఆ ప్రాంతపు చెరువులలోను, గ్రామముల బావులలోను ఔషధములు కనిపించినవి.

ఈ మందు చేపలకో, మనుష్యులకో వెంటనే కీడు చేయునా అనునది ఒక ప్రశ్న. అంతకన్న పెద్ద ప్రశ్న సూక్ష్మజీవులది. నిరంతరము మందులో పెరుగు సూక్ష్మజీవులలో మందునకు లొంగనివే మిగులును. ఆ లొంగని గుణము ఒక జీవి నుండి వేరొక జీవికి సంక్రమించును. అప్పుడు ఆసుపత్రిలో రోగికి అదే మందు ఇచ్చినను పనిచేయదు. పటాన్‌చెరు కాలువ అక్కడనే ఆగునది కాదు. ఇసుకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలియును. హైదరాబాదు మురుగును మోయు మూసీ నది నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. ఎక్కడి మురుగో ఇంకెక్కడి పొలమునకు నీరగుచున్నది.

ఇక మేము విద్యార్థుల దృష్టికి తేదలచిన ముఖ్యాంశము ఇది. అంతకు మునుపు ఆ నీటికి పరీక్షలు లేకపోలేదు. మురుగునీటి నియమములు ప్రధానముగా అడుగునవి ఆమ్లత్వము, తేలు మడ్డి, జీవ ఆక్సిజన్ అవసరము, రసాయన ఆక్సిజన్ అవసరము వంటివి. చివరిదానిని సి.ఓ.డి. అందురు. నీటిలోని సేంద్రియ పదార్థమును పూర్తిగా దహించుటకు ఎంత ఆక్సిజన్ పట్టునో అది చెప్పును. నదిలో వదలు నీటికి సాధారణ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. ఇప్పుడొక లెక్క వేయుదము. ఒక గ్రాము సిప్రోఫ్లాక్ససిన్ దహించుటకు సిద్ధాంతరీత్యా సుమారు 1.7 గ్రాముల ఆక్సిజన్ కావలెను. కనుక లీటరులోని 31 మిల్లీగ్రాముల మందు సి.ఓ.డి.కి చేర్చునది సుమారు 52 మిల్లీగ్రాములు మాత్రమే. లీటరు నీటిలో 49 మిల్లీగ్రాముల గ్లూకోజు కలిపినను ఇంచుమించు అదే అంకె వచ్చును. అనగా ఆ పరీక్షకు తీపినీరును, మందునీరును ఒక్కటే. రెండును 250 పరిమితికి ఎంతో లోబడి ఉత్తీర్ణములగును.

మరియొక విచిత్రము కలదు. సిప్రోఫ్లాక్ససిన్ అణువులోను ఒక ఫ్లోరిన్ పరమాణువు ఉన్నది. కాని అది కర్బనముతో గట్టిగా బంధింపబడి ఉండుటచేత, మన జిల్లా బావులకు చేయు ఫ్లోరైడ్ పరీక్షకు అందదు. పరీక్ష అబద్ధమాడుట లేదు. మనము అడిగినదానికే అది బదులు చెప్పుచున్నది. అడుగనిదానికి బదులు రాలేదని నీరు మంచిదని తలచుటయే పొరపాటు.

కర్మాగారములను ద్వేషించుమని మా భావము కాదు. ఇక్కడ తయారగు మందులు ప్రపంచమందలి పేద రోగులకు అందుబాటు ధరలో చేరుచున్నవి. విజ్ఞానశాస్త్రములు చదివిన మన యువకులకు అక్కడ జీవనోపాధి దొరకుచున్నది. అయితే మాత్రలో మందు ఎంత ఉన్నదో మిల్లీగ్రాము తప్పక కొలుచుటకు ద్రవ వర్ణలేఖన యంత్రము ప్రతి మందుల కర్మాగారములోను ఉండును. అదే ప్రశ్నను మురుగు కాలువకు వేయుమని నియమము అడుగలేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వెలువరించిన ముసాయిదాలో మురుగునీటిలోని సూక్ష్మజీవనాశక ఔషధములకు పేరుపేరున పరిమితులుండెను. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో ఆ పరిమితులు కనిపించలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. సాధనమున్నది, జ్ఞానమున్నది. ప్రశ్న అడుగు సంకల్పము రావలసియున్నది.

పల్లిగింజలోని విషము

నీటి నుండి ఆహారమునకు వత్తము. మన మెట్ట ప్రాంతములలో పల్లి ముఖ్యమైన పంట. 1960లో ఇంగ్లండులో లక్ష వరకు టర్కీ కోళ్ళు కారణము తెలియక చనిపోయెను. వాటికి పెట్టిన పల్లిచెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు చేరినట్లు తరువాత తేలినది. ఆ బూజు పేరులోని అక్షరములతోనే దాని విషమునకు 'అఫ్లాటాక్సిన్' అని పేరు వచ్చినది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ వ్యాధికి గురికాగా 106 మంది మరణించిరి. దానిని పరిశోధించి 1975లో లాన్సెట్‌లో వ్రాసినవారిలో, నల్లగొండ మోకాళ్ళను గురించి వ్రాసిన కృష్ణమాచారియే ఒకరు.

ఐరోపా సమాఖ్య నేరుగా తిను పల్లీలలో మొత్తము అఫ్లాటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని నిర్ణయించినది. ఇది ఎంత స్వల్పమో చూడుడు. 10 టన్నులు మోయు లారీలు 25 వరుసగా నిలిపి, ఆ గింజలన్నింటిలో కలిపి ఒక గ్రాము విషమున్నచో అది ఈ పరిమితి. అంత స్వల్పమును కూడ ఎల్.సి.–ఎం.ఎస్. గుర్తించగలదు. చెక్క తిన్న పాడిపశువు శరీరములో ఈ విషము రూపు మార్చుకొని ఎం1 అను పేరుతో పాలలోనికి దిగును. ఒక ఆక్సిజన్ పరమాణువు చేరుటచేత దాని బరువు 16 పెరుగును. యంత్రములో బి1 అను మూలవిషము 313 వద్దను, ఎం1 అనునది 329 వద్దను కనిపించుచు రెండును వేరుగా తెలియును. పాలలో దీనికి మన దేశపు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము.

కాని ఇక్కడ యంత్రము కన్న ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. విషము బస్తా అంతటను సమముగా ఉండదు. ఒక్క గింజలో 40 మైక్రోగ్రాములు చేరినచో, మిగిలినవన్నియు నిర్దోషములైనను 10 కిలోల రాశి మొత్తము ఐరోపా పరిమితిని చేరును. పిడికెడు గింజలు తీసి పరీక్షించినవానికి ఆ గింజ దొరకకపోవచ్చును. దొరికినచో రాశి అంతయు విషమని తోచును. కావున బస్తా పైన, నడుమ, అడుగున, పలుచోట్ల నుండి తీసి, కలిపి, పొడిచేసి, అందులో భాగమును పరీక్షకు పంపవలెను. నమూనా తప్పినచో కోటి రూపాయల యంత్రము కూడ తప్పు నమూనాకు ఒప్పు సమాధానమే చెప్పును.

ప్రతి బస్తాకు ఈ యంత్రమును వాడుట సాధ్యము కాదు. పటాన్‌చెరులోనే 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ తక్కువ ఖర్చుతో జరుగు ఎలీసా పరీక్షను అఫ్లాటాక్సిన్ కొరకు రూపొందించినది. అట్టి పరీక్షతో జల్లెడ పట్టి, అనుమానమున్న వాటిని ఎల్.సి.–ఎం.ఎస్.తో నిర్ధారించుట ఉచితమైన క్రమము. రైతు ఇంటిలో చేయదగినదియు కలదు. కాయలను బాగుగా ఎండబెట్టుట, వలుచుటకు సులువని నీరు చల్లకుండుట, ముడుతపడిన, రంగు మారిన, బూజుపట్టిన గింజలను ఏరివేయుట – ఇవి విషమును తగ్గించు ఉపాయములు. ఏరివేసిన గింజలను గానుగకో పశువులకో పంపరాదు. పంపినచో నూనెలోనో పాలలోనో అవి తిరిగి మన ఇంటికే వచ్చును.

మనము చేయదగినది

ఇట్టి యంత్రము మన కళాశాలకు వచ్చునని ఆశించుట లేదు. అయినను సూత్రమును నేర్చుటకు యంత్రము అక్కరలేదు. నల్లబల్లపై వ్రాయు సుద్దముక్క అడుగుకు కొంచెము పైన నల్ల స్కెచ్‌పెన్నుతో వలయము గీచి, చుక్క మునుగకుండ కొద్దిపాటి నీటిలో నిలువుగా ఉంచుడు. నీరు ఎక్కుకొలది నలుపు నీలముగా, ఎరుపుగా, పసుపుగా విడిపోవును. త్స్వెత్ చేసినదియు తత్త్వతః ఇదియే. ఒకటిగా కనిపించునది ఒకటి కాదని ఆ సుద్దముక్క బోధించును.

రెండవది, ప్రతి విద్యార్థియు తన ఊరి త్రాగునీటి వివరములను ఒక పుస్తకములో వ్రాయుట. బోరు ఎంత లోతు, ఎప్పుడు వేసినది, చుట్టుప్రక్కల ఏ పంట, ఏ పురుగుమందు చల్లుచున్నారు, సీసాపై ఉన్న మందు అసలు పేరేమి – ఇవి తెలిసిననే పరీక్షాశాల వారు దేనికొరకు వెదకవలెనో నిర్ణయింపగలరు. దుకాణపు పేరు కాదు, అసలు పేరు వ్రాయవలెను. నమూనా సీసాపై ఊరు, తేదీ, సమయము, తీసినవారి పేరు లేనిచో ఆ నీరు ఎవరిదియు కాదు.

మూడవది, కళాశాల యాజమాన్య సంఘము వారికి మా మనవి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులను ఏటా ఒకసారి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకో, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకో తీసికొనిపోవు ఏర్పాటు చేయవలెను. ఉర్దూ మాధ్యమమున చదివినవారికి, తెలుగు మాధ్యమమున చదివినవారికి కూడ అర్థమగునట్లు ఈ విద్యలోని మాటలను రెండు భాషలలోను వ్రాసి ప్రయోగశాల గోడపై ఉంచినచో మరింత మేలు.

విద్యార్థులారా! ఫ్లోరైడ్ పేరు తెలియుటకు ముందు మన పెద్దలు ఎంత మూల్యము చెల్లించిరో మీ ఊళ్ళలోనే సాక్ష్యములున్నవి. రేపటి విషములకు అంత కాలము ఆగనవసరము లేదు. 'ఈ నీరు పరీక్షింపబడినది' అని ఎవరైన చెప్పినపుడు 'దేనికొరకు పరీక్షించిరి?' అని వినయముగా అడుగుడు. ఆ ప్రశ్న అడుగుటకు కావలసిన చదువు మీకిప్పటికే ఉన్నది.